మొదటిసారి ఇంటిల్లిపాదీ విదేశానికి: సింగపూరా, బ్యాంకాకా, దుబాయా?

విదేశం వెళ్దామని ఇంట్లో మాట మొదలైతే చాలు, ఎవరి దేశం వాళ్ళు పట్టుకుని కూర్చుంటారు. మా పెద్దాడికి అప్పుడు తొమ్మిదేళ్ళు, వాడికి యూనివర్సల్ స్టూడియోస్ తప్ప ఇంకేం అక్కర్లేదు. నా భార్యకి సముద్రం కావాలి. నాన్నకి ఎక్కడైనా ఒకటే, కానీ పొద్దున ఇడ్లీ, రాత్రికి పెరుగన్నం పడాలి. అమ్మకి మోకాళ్ళ నొప్పులు. చిన్నదానికి నాలుగేళ్ళు, దానికి హోటల్లో లిఫ్టు ఎక్కి దిగడమే పెద్ద వినోదమని తర్వాత తెలిసింది. ఈ ఆరుగురినీ ఒప్పించే దేశం కోసం నాలుగు నెలలు వీడియోలు చూశాం. ఆ నాలుగు నెలలూ దండగ.

ఫొటోలు చూసి దేశాన్ని ఎంచుకోకండి. ఇంట్లో అందరికంటే ముందు అలిసిపోయేది ఎవరు, తిండి దగ్గర అందరికంటే ఎక్కువ ఇబ్బంది పడేది ఎవరు, ఈ రెండూ చూసుకుని ఎంచుకోండి. మిగతావాళ్ళు ఎక్కడికెళ్ళినా సర్దుకుంటారు. మేము ముందు సింగపూర్ వెళ్ళాం, ఆ తర్వాత రెండు విడతల్లో బ్యాంకాక్, దుబాయ్ చూశాం, కాబట్టి పోలిక ఎక్కువగా ఈ మూడింటి మధ్యే.

దేశం కంటే ముందు నెల తేల్చుకోండి. పిల్లల సెలవులు మనకి ఎండాకాలం, దసరా, సంక్రాంతి, ఈ మూడుసార్లే. మే నెలలో దుబాయ్ అంటే నలభై దాటిన ఎండ, బయట తిరిగేవన్నీ సాయంత్రానికి వాయిదా, గ్లోబల్ విలేజ్, మిరకిల్ గార్డెన్ లాంటివి ఎండలు ముదిరాక మూసేస్తారు. అప్పుడు టికెట్లు, హోటళ్ళు చవగ్గా దొరుకుతాయని ఏజెంట్ చెప్పేది నిజమే, ఎందుకు చవగ్గా దొరుకుతున్నాయో మాత్రం చెప్పడు. థాయిలాండ్‌లో ఫుకెట్, క్రాబీ వైపు మే నుంచి అక్టోబరు దాకా వానలు, సముద్రం కూడా అల్లకల్లోలంగా ఉంటుంది, పడవలు రద్దవుతుంటాయి. అందరూ ఫొటోలు పెట్టే మాయా బే బీచిని ఏటా ఆగస్టు, సెప్టెంబరుల్లో మూసేస్తారు. దసరా సెలవుల్లో బ్యాంకాక్‌లోనూ వానలే. సింగపూర్‌కి ఇలాంటి లెక్కలు పెద్దగా లేవు, ఏడాదంతా మన విజయవాడ ఉక్కపోతే, ఉన్నట్టుండి ఒక వాన, కాసేపటికి మళ్ళీ ఎండ, నవంబరు నుంచి జనవరి దాకా వాన కాస్త ఎక్కువ. అందుకే నా లెక్క ఇది: ఎండాకాలం సెలవులకీ దసరాకీ సింగపూర్, సంక్రాంతికి దుబాయ్ లేదా థాయిలాండ్. ఆంధ్రలో సంక్రాంతి సెలవులు కాస్త ఎక్కువ ఇస్తారు, తెలంగాణలో ఉన్నవాళ్ళు రెండు రోజులు బడి ఎగ్గొట్టించక తప్పదు.

సింగపూర్: ఖర్చు ఎక్కువ, టెన్షన్ తక్కువ

వీసా కావాలి, అధీకృత ఏజెంట్ల ద్వారా పెట్టుకోవాలి, ప్రభుత్వ రుసుము మనిషికి 30 సింగపూర్ డాలర్లు, పైన ఏజెంట్ తీసుకునేది వేరు. వెళ్ళడానికి మూడు రోజుల లోపు ఆన్‌లైన్‌లో అరైవల్ కార్డు నింపాలి. అది పూర్తిగా ఉచితం. డబ్బులడిగే సైట్లు వెతకగానే పైనే కనిపిస్తాయి, వాటి జోలికి పోవద్దు, ప్రభుత్వ సైట్లోనే నింపండి.

మొదటిసారి వెళ్ళేవాళ్ళకి ఈ ఊరిలో ఉన్న సుఖం ఏంటంటే ఏదీ దూరం కాదు, దారి తప్పినా భయం ఉండదు. మెట్రో స్టేషన్లలో లిఫ్టులుంటాయి, అమ్మ వారం రోజుల్లో మెట్లెక్కింది చాలా తక్కువ. మేము లిటిల్ ఇండియాలో దిగాం. గదులు ఇరుకు, రోడ్డు మీద సందడి, కానీ పొద్దున ఆరున్నరకి నాన్న కిందకి దిగి సెరంగూన్ రోడ్డు మీద ఇడ్లీ, ఫిల్టర్ కాఫీ కానిచ్చి, శ్రీనివాస పెరుమాళ్ గుడికి నడిచి వెళ్ళి దండం పెట్టుకుని, మేమింకా పళ్ళు తోముకోకముందే తిరిగొచ్చేవాడు. మాది చిత్తూరు వైపు, ఆయనకి తమిళం వచ్చు, అక్కడ తమిళం అధికార భాషల్లో ఒకటి, బోర్డుల మీదా ఉంటుంది. రెండో రోజుకే మాకు దారి చెప్పడం మొదలుపెట్టాడు. మెరీనా బే పక్కన పెద్ద హోటల్లో దిగి ఉంటే ఆ మనిషి ఆ వారమంతా మా వెనక సంచీ పట్టుకుని నడిచేవాడు.

డబ్బు దగ్గరే జాగ్రత్త. ఆరుగురికి టికెట్లంటే తడిసి మోపెడవుతుంది. టికెట్ కొనే చోట్లు రెండు, మహా అయితే మూడు పెట్టుకోండి. గార్డెన్స్ బై ద బేలో రాత్రి 7:45కి, 8:45కి ఆ పెద్ద ఇనుప చెట్ల కింద జరిగే దీపాల ప్రదర్శన ఉచితం. బొటానిక్ గార్డెన్స్ ఉచితం. ఛాంగీ విమానాశ్రయం పక్కనే జువెల్‌లో 40 మీటర్ల ఎత్తునుంచి పడే ఇండోర్ జలపాతం చూడటానికీ టికెట్ లేదు. వీటికే రెండు సాయంత్రాలు పడతాయి.

యూనివర్సల్ స్టూడియోస్‌కి ఆరుగురం వెళ్ళి తప్పు చేశాం. చాలా రైడ్లకి ఎత్తు పరిమితి ఉంటుంది. మా చిన్నదాన్ని కొలత గీత దగ్గర నిలబెడితే అది మునివేళ్ళ మీద లేచి నిలబడింది, అక్కడి అమ్మాయి నవ్వి దాని భుజం మీద చెయ్యి వేసి మడమలు దించింది. కుదరలేదు. అమ్మా నాన్నా ఏదీ ఎక్కలేదు, నీడ చూసుకుని కూర్చున్నారు. మూడు టికెట్లు నీళ్ళపాలు. పెద్దాడితో ఒకరు వెళ్తే చాలు, మిగతావాళ్ళు అది ఉన్న సెంటోసా దీవిలోనే బీచికో ఆక్వేరియంకో పోవచ్చు.

ఆరుగురున్న ఇల్లయితే ఇంకో రెండు తెలుసుకోండి. మామూలు టాక్సీలో నలుగురినే ఎక్కించుకుంటారు, మన ఆటోలో సర్దుకున్నట్టు సర్దుకుంటామంటే కుదరదు, ఆరు సీట్ల బండి అడగాలి లేదా రెండు బళ్ళు. ఇక అక్కడ ప్రైవేటు ఇళ్ళని మూడు నెలల కంటే తక్కువకి అద్దెకివ్వడం చట్టవిరుద్ధం, అందుకే వంటగది ఉన్న ఫ్లాట్ రోజులకి చవగ్గా వస్తోందని ఆన్‌లైన్‌లో ఎవరైనా చూపిస్తే డబ్బు కట్టొద్దు, హోటల్లోనే దిగండి.

బ్యాంకాక్: డబ్బు కలిసొస్తుంది, ఓపిక ఖర్చవుతుంది

మనవాళ్ళని వీసా లేకుండా రానిస్తూ వచ్చారు, అది ఇంకా ఉంటే ఆరుగురికి అక్కడే కొంత మిగులుతుంది, కానీ ఆ వెసులుబాటూ, ఎన్ని రోజులనేదీ మారుతుంటాయి, టికెట్ కొనే రోజు ఒకసారి చూసుకోండి. 2025 మే 1 నుంచి డిజిటల్ అరైవల్ కార్డు తప్పనిసరి, ఇదీ ఉచితమే. సింగపూర్‌లో ఇరుకు గది వచ్చే డబ్బుకి ఇక్కడ ఈత కొలనున్న హోటల్ వస్తుంది, పిల్లలకి ఆ కొలనే సగం హాలిడే. మసాజ్, పళ్ళు, బట్టలు అన్నీ అందుబాటు ధరలే.

ఓపిక ఎక్కడ ఖర్చవుతుందంటే రోడ్ల మీద. సాయంత్రం నాలుగు దాటాక బ్యాంకాక్ ట్రాఫిక్ ముందు మన అమీర్‌పేట నయం. స్కై ట్రైన్ బాగుంటుంది కానీ రోడ్డు పైన ఎత్తులో ఉంటుంది, స్టేషన్లో ప్రతి దారికీ లిఫ్టు ఉండదు, లిఫ్టున్న దారి కోసం అమ్మని రోడ్డుకి అటు నుంచి ఇటు తిప్పిన రోజులున్నాయి. గ్రాండ్ ప్యాలెస్‌లో భుజాలు, మోకాళ్ళు కప్పే బట్టలు లేకపోతే రానివ్వరు, లోపల ఎండలో చాలాసేపు నడవాలి, పొద్దున తలుపులు తీయగానే వెళ్ళండి. విమానాశ్రయాలు రెండు, సువర్ణభూమి ఒకటి, డాన్ మ్యుయాంగ్ ఒకటి. అక్కణ్ణుంచి ఫుకెట్‌కో క్రాబీకో దేశీయ విమానం బుక్ చేస్తే మీరు దిగేదీ, ఆ విమానం బయల్దేరేదీ ఒకే విమానాశ్రయమేనా అని చూసుకోవాలి.

బ్యాంకాక్ దగ్గరి బీచి ఊరు పటాయా గురించి మొహమాటం లేకుండా చెప్తా. అమ్మానాన్నలతో, పిల్లలతో వెళ్తే ఊరి మధ్యలో బార్లుండే వాకింగ్ స్ట్రీట్ దగ్గర హోటల్ వద్దు, జోమ్టియన్ వైపు తీసుకోండి. నాంగ్ నూచ్ తోట పెద్దవాళ్ళకి బాగా నచ్చుతుంది, తిప్పడానికి బండి ఉంటుంది. ప్యాకేజీలో వెళ్తే మధ్యలో రత్నాల షోరూముకి తీసుకెళ్తారు, కొనకుండా బయటికి వచ్చేయొచ్చు, సిగ్గుపడాల్సిన పనిలేదు.

దుబాయ్: చుట్టాలుంటే సగం పని అయినట్టే

కరీంనగర్, జగిత్యాల, నిజామాబాద్, గోదావరి జిల్లాలు, కడప, ఈ వైపు ఇళ్ళలో గల్ఫ్‌లో ఎవరో ఒకరు ఉంటారు. మా పిన్ని కూతురు అక్కడే. చుట్టాల ఇంట్లో దిగితే ఖర్చు సగం, కానీ వాళ్ళ సెలవు రోజులకి మీ తిరుగుడు ముడిపడిపోతుంది. నాలుగు రోజులు హోటల్, రెండు రోజులు వాళ్ళింట్లో అని ముందే చెప్పేస్తే ఇద్దరికీ హాయి.

వీసా తప్పనిసరి. ప్రయాణం నాలుగు గంటలు, అటూ ఇటూగా. పెద్దవాళ్ళకి బాగానే ఉంటుంది, కారు దిగితే ఏసీ, ఏసీ దాటితే కారు. కాకపోతే మెట్రోలో దుబాయ్ మాల్‌కి వెళ్తే స్టేషన్ నుంచి మాల్ లోపలికి ఎనిమిది వందల మీటర్ల పైనే నడక దారి ఉంది, మధ్యలో కదిలే పట్టాలున్నా మోకాళ్ళ నొప్పులవాళ్ళకి టాక్సీయే మేలు. 828 మీటర్ల బుర్జ్ ఖలీఫా పైకెక్కాలంటే సూర్యాస్తమయం వేళ టికెట్ ధర ఎక్కువ, పొద్దున ఎక్కితే తక్కువ. కింద ఫౌంటెన్ చూడటం ఉచితం. మాకు అన్నిటికంటే నచ్చింది ఊరి మధ్య సముద్రపు పాయ, క్రీక్‌లో ఒక్క దిర్హాంకి అటు నుంచి ఇటు దాటించే పాత చెక్క పడవ, మన గోదావరి రేవులో ఎక్కినట్టే ఎక్కి కూర్చున్నాం. అబుదాబిలో 2024 ఫిబ్రవరిలో తెరిచిన స్వామినారాయణ మందిరానికి ఒక పూట పెట్టుకోండి.

ఎడారి సఫారీలో ఇసుక దిబ్బల మీద బండిని ఎగరేసి దూకించే ఆట నడుము నొప్పి ఉన్నవాళ్ళకి, పసిపిల్లలకి అస్సలు వద్దు. బుక్ చేసేటప్పుడే పెద్దవాళ్ళని వేరే బండిలో తిన్నగా క్యాంపుకి చేర్చగలరా అని అడగండి. మేము అడగలేదు. నాన్న దిగాక అరగంట మాట్లాడలేదు.

మిగతా దేశాల సంగతి క్లుప్తంగా. మలేషియాకి 2026 చివరి దాకా వీసా అక్కర్లేదు, ఖర్చు సింగపూర్ కంటే బాగా తక్కువ, కౌలాలంపూర్ బ్రిక్‌ఫీల్డ్స్‌లో అరిటాకు భోజనం దొరుకుతుంది. బటు కేవ్స్ గుహల్లోని గుడికి 272 మెట్లు, మోకాళ్ళ నొప్పులుంటే కింద నుంచే మురుగన్‌కి దండం పెట్టుకోవచ్చు. సింగపూర్‌తో కలిపి ఒకే ట్రిప్పులో చేద్దామనుకుంటారు, వారం రోజులే ఉంటే వద్దు, ఒక రోజు పెట్టెలు సర్దడానికే పోతుంది. శ్రీలంక దగ్గర, కొండలు, రైలు, అన్నం కూర, నాన్నలాంటివాళ్ళకి సులువు, కానీ ఊరి నుంచి ఊరికి కార్లో గంటల ప్రయాణం. బాలి, వియత్నాం బాగుంటాయి, ఇద్దరే వెళ్తే ముందు అవే చెప్తాను. ముసలివాళ్ళతో, పసివాళ్ళతో మొదటిసారికి మాత్రం వద్దు.

తిండి, బాత్రూము

మాంసాహారం తినేవాళ్ళకి ఎక్కడా సమస్య లేదు. శాకాహారులకి మాత్రం దేశం దేశానికీ తేడా ఉంది. థాయ్ వంటలో చేపల సాస్ లేనిది తక్కువ, కూరగాయల వేపుడు అని తెచ్చినదాంట్లోనూ అది ఉంటుంది. నో మీట్ అంటే సరిపోదు, 'జే' అన్న మాట చూపించండి, పసుపు పలక మీద ఎర్రగా రాసి ఉంటుంది, అంటే గుడ్డు, చేప, ఉల్లి, వెల్లుల్లి కూడా లేనిది. శ్రీలంక కొబ్బరి పచ్చడి, సంబోల్‌లో ఎండు చేప పొడి కలుపుతారు, అడిగి తినాలి. సింగపూర్ లిటిల్ ఇండియా, దుబాయ్ కరామా, ఈ రెండు చోట్లా ఇంటి నుంచి పొడులు కూడా అక్కర్లేదు. పెరుగు విషయానికొస్తే బ్యాంకాక్ చిన్న షాపుల్లో దొరికే చాలా డబ్బాల్లో చక్కెర ఉంటుంది. నాన్న మొదటి రాత్రి దాంతోనే అన్నం కలుపుకున్నాడు పాపం.

విమానంలో ఇంకో తిరకాసు. స్పెషల్ మీల్ జాబితాలో 'హిందూ మీల్' అని ఉంటుంది, అది శాకాహారం అనుకుంటాం, చాలా సంస్థల్లో అందులో చికెనో మటనో ఉంటుంది, గొడ్డు మాంసం ఉండదని మాత్రమే దాని అర్థం. మనకి కావాల్సింది 'ఏషియన్ వెజిటేరియన్'. కనీసం ఒక రోజు ముందు పెట్టేయండి.

ఇక ఎవరూ రాయనిది బాత్రూము. థాయిలాండ్‌లో, దుబాయ్‌లో టాయిలెట్ పక్కన నీళ్ళ పైపు సాధారణంగా ఉంటుంది. సింగపూర్‌లో చాలా హోటళ్ళలో ఉండదు. ఒక ప్లాస్టిక్ మగ్గు పెట్టెలో పడేయండి, అమ్మ మీకు రుణపడి ఉంటుంది.

ప్యాకేజీయా, సొంతంగానా

పెద్దవాళ్ళు ఒంటరిగా వెళ్తుంటే, లేదా మీకు ప్లాన్ చేసే తీరిక లేకపోతే గ్రూపు ప్యాకేజీ మంచిదే, తెలుగువాళ్ళ గుంపు, రోజూ మన భోజనం, భాష బెంగ లేదు. కానీ పొద్దున ఏడున్నరకల్లా లాబీలో ఉండాలి, నాలుగేళ్ళ పిల్ల ఉన్న ఇంట్లో అది రోజూ యుద్ధమే. సొంతంగా వెళ్తే పన్నెండింటికి గదికి వచ్చి పడుకోవచ్చు. నాకు నచ్చింది మధ్యే మార్గం, విమానం, హోటల్ మనమే చూసుకోవడం, ఎడారి సఫారీ, దీవుల పడవ లాంటి వాటికి అక్కడి ఒక్క రోజు టూర్లు కొనుక్కోవడం. విదేశీ టూర్ ప్యాకేజీ మీద టీసీఎస్ అని, అమ్మేవాళ్ళే వసూలు చేసే పన్ను కొంత ముందే పట్టుకుంటారు, రిటర్న్ వేసేటప్పుడు పన్నులో సర్దుకోవచ్చు, ఏజెంట్ దగ్గర రసీదు మర్చిపోకండి.

ప్యాకేజీ అయినా హోటల్ పేరు రాతపూర్వకంగా తీసుకోండి. మా బ్యాంకాక్ ట్రిప్పుకి ఒక ఏజెంట్ 'ఊరి మధ్యలో హోటల్, లేదా అదే స్థాయి' అని రాసిచ్చాడు. 'అదే స్థాయి' అన్న మాట ఎంత పెద్దదో దిగాక తెలిసింది, దగ్గరి స్టేషన్ టాక్సీలో పావుగంట. పేరు వచ్చాక మ్యాప్‌లో పెట్టి స్టేషన్‌కి నడిచి ఎంతసేపో చూడండి, దారిలో మెట్లున్నాయేమో ఫొటోల్లో కనిపిస్తుంది.

డబ్బుకి నా పద్ధతి ముందే విదేశీ డబ్బు నింపుకునే ఫారెక్స్ కార్డు, దానికి తోడు మొదటి రెండు రోజులకి చేతిలో నగదు, అత్యవసరానికి క్రెడిట్ కార్డు. మామూలు క్రెడిట్ కార్డు మీద విదేశీ మారకం రుసుము సాధారణంగా 3.5 శాతం దాకా, పైన జీఎస్టీ. మిషన్ మీద 'రూపాయల్లో కట్టనా, అక్కడి డబ్బులోనా' అని అడిగితే అక్కడి డబ్బే నొక్కండి, రూపాయలంటే వాళ్ళ రేటు పడుతుంది. ట్రావెల్ ఇన్సూరెన్సులో బీపీ, షుగర్ దాచొద్దు, ప్రీమియం పెరిగితే పెరగనివ్వండి.

పాస్‌పోర్టులు మాత్రం అన్నిటికంటే ముందు తీసి చూడండి. ఆరు నెలల గడువు ఉండాలి, పిల్లల పాస్‌పోర్టు ఐదేళ్ళకే అయిపోతుందని మర్చిపోతాం. ఇంటిపేర్ల సంగతి మనకి ఎప్పుడూ గొడవే, ఒకరికి ఇంటిపేరు ముందు, ఒకరికి వెనక, ఇంకొకరికి వట్టి అక్షరం. టికెట్ మీద పేరు పాస్‌పోర్టులో ఏ గడిలో ఏముందో అచ్చంగా అలాగే ఉండాలి. మా అమ్మ పాత పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీ, మొత్తం కలిపి ఒక్క మాటే పేరు. 2022 నవంబరు నుంచి అలాంటి ఒంటి పేరు విజిటర్లని యూఏఈ, అంటే దుబాయ్, అబుదాబి ఉన్న దేశం, రానివ్వడం లేదు. పాస్‌పోర్టు మళ్ళీ చేయించుకునేసరికి సంక్రాంతి దాటి ఫిబ్రవరి వచ్చింది.

ఆఖరిగా పెట్టె. ఆవకాయ చేతి సంచీలో పెడితే తనిఖీ దగ్గరే పోతుంది, చెకిన్‌లో వేయండి, సీసాకి టేపు చుట్టి, రెండు కవర్లలో. పవర్ బ్యాంకు దీనికి తిరగేసి, చేతి సంచీలోనే. రోజూ వేసుకునే మందులకి డాక్టరు చీటీ ఉండాలి, నిద్ర మాత్రలు, కోడీన్ ఉన్న దగ్గు మందు, ట్రమడాల్ లాంటివి దుబాయ్‌కి అనుమతి లేకుండా పట్టుకెళ్ళకూడదు. ఇక గసగసాలు. యూఏఈలోనూ సింగపూర్‌లోనూ నిషేధం, వాటిని మత్తుపదార్థాల లెక్కలో చూస్తారు. విడిగా ఎవరూ పట్టుకెళ్ళరు, కానీ మసాలా పొడిలో ఉంటాయి, అమ్మలు దంచి పెట్టే కుర్మా కారంలో ఉంటాయి. దుబాయ్ వెళ్ళే ముందు రాత్రి పెట్టె మూయబోతూ పిన్ని కూతురి కోసం పెట్టిన మసాలా డబ్బా గుర్తొచ్చి, పడుకున్న అమ్మని లేపి అడిగాను. "రెండు చెంచాలే వేశాన్రా" అంది. ఆ డబ్బా తీసి వంటింట్లో పెట్టేశాం.